‘బోర్డు పోయింది’ అనే ముందు

(ఇంటి పరికరాలను సొంతంగా బాగుచేసుకోవడం నేర్పే తరగతుల ప్రారంభం రోజున చేసిన ప్రసంగ పాఠం)

నమస్కారం.

ముందే ఒక సంగతి చెప్పి కొందరిని నిరాశపరుస్తాను. ఈ తరగతులు పూర్తయ్యేసరికి మీలో ఎవరూ ఫోను బోర్డు మీది చిప్పును పీకి కొత్తది అతికించగల నిపుణులు కారు. ఆ పనికి మైక్రోస్కోపు, వేడిగాలి యంత్రం, ఏళ్ల సాధన కావాలి. మనం నేర్చుకోబోయేది అంతకంటే చిన్న విద్య. ఇంట్లో మాత్రం దాని అవసరమే ఎక్కువసార్లు పడుతుంది. ఒక వస్తువు పనిచేయడం మానేసినప్పుడు లోపం ఎక్కడుందో కనిపెట్టడమే ఆ విద్య.

రిపేరు అనగానే అందరికీ స్క్రూడ్రైవర్ గుర్తొస్తుంది. విప్పడం, బిగించడం చేతిపని. కాస్త ఓపిక ఉంటే ఎవరికైనా పట్టుబడుతుంది. చిక్కంతా మూత తెరిచాక మొదలవుతుంది. లోపల తీగలు, బోర్డు, మోటారు కనిపిస్తాయి. ‘చెడింది నేనే’ అని వాటిలో ఏదీ మొహం మీద రాసుకుని ఉండదు. ఏమి చూడాలో తెలియని మనిషి అన్నింటినీ ఒకసారి తాకి, నోటితో ఊది, మళ్లీ మూత బిగిస్తాడు. లేదంటే విప్పినదాన్ని విప్పినట్టే అటక ఎక్కిస్తాడు. నిజం చెప్పాలంటే ఆ రెండో పనే మేలు. కనీసం కొత్త లోపం చేరదు.

ఏ వస్తువు ఆగినా అన్నింటికంటే ముందు వినిపించే తీర్పు ‘బోర్డు పోయింది’. ఒక్కోసారి అది నిజమే. కానీ పరికరాలు అసలు ఎందుకు చెడతాయో ఆలోచించండి. కదిలే భాగాలు అరుగుతాయి. మాటిమాటికీ వంగే తీగలు తెగుతాయి. వేడెక్కే భాగాలు ఎండిపోయి పెళుసెక్కుతాయి. తడి తగిలే చోట తుప్పు పడుతుంది. రోజూ నొక్కే స్విచ్చిలో కాంటాక్టు కాలి నల్లబడుతుంది. ఈ బాధలేవీ లేకుండా బోర్డు మధ్యలో కూర్చున్న చిప్పు, తయారీ లోపంతో తొలినాళ్లలోనే పోకపోతే, చాలా కాలం బతుకుతుంది. అందుకే మన అనుమానితుల జాబితా చిన్నది. కార్డు, స్విచ్చి, ప్లగ్గు పిన్నులు, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు, బేరింగులు, బెల్టు, థర్మల్ ఫ్యూజు, ఛార్జిని దాచుకునే కెపాసిటర్లు, కరెంటుతో పనిచేసే స్విచ్చిలైన రిలేలు, కనెక్టర్లు. వీటిలో చాలావాటి ఖరీదు వస్తువు ధరలో పిసరంత.

మరి ‘బోర్డు మార్చేయాలి’ అనే మాట అంత తరచుగా ఎందుకు వినిపిస్తుంది? బోర్డు మారిస్తే దాని మీదున్న రిలే మారుతుంది, కెపాసిటర్ మారుతుంది, వదులైన కనెక్టర్ కూడా మారుతుంది. వస్తువు పనిచేస్తుంది. దాంతో చెప్పినవారి తీర్పు సరైనదే అనిపిస్తుంది. అసలు లోపం ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు, డబ్బు కట్టినవారికి అంతకన్నా తెలియదు.

సరే, పనిలోకి వద్దాం. మూత తెరవకముందే సగం పని అయిపోవాలి. ఎప్పుడు ఆగింది? వాడుతుండగా ఆగిందా, మర్నాడు వేసేసరికి పలకలేదా? ఆగే ముందు చప్పుడు మారిందా? వాసన వచ్చిందా? కాలిన రబ్బరు వాసన, కాలిన వార్నిష్ వాసన వేరువేరు. మొదటిది బెల్టు దగ్గరికో తీగ తొడుగు దగ్గరికో, రెండోది మోటారులో చుట్టిన రాగి తీగ, అంటే వైండింగ్ దగ్గరికీ దారి చూపిస్తాయి. ఉరుములతో వాన పడిందా? ఇంట్లోవాళ్లను కూడా అడగండి. ‘ఏమీ కాలేదు, దానంతటదే ఆగింది’ అని జవాబు వస్తే, కింద పడి ఉండవచ్చు అని మనసులో రాసుకోండి. ఆ తర్వాత అదే సాకెట్లో ఒక టేబుల్ లైటు పెట్టి చూడండి. లైటు వెలగకపోతే మీ వస్తువుకు బహుశా ఏ రోగమూ లేదు.

ఇప్పుడు ఒక ఇస్త్రీపెట్టెను తీసుకుందాం. దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, లోపలి దారి మొత్తం వేళ్ల మీద చెప్పగలం. ప్లగ్గు పిన్ను, కార్డు, లోపలి టెర్మినల్, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్, అతిగా వేడెక్కితే తెగే థర్మల్ ఫ్యూజు, వేడి పుట్టించే తీగ ఎలిమెంట్, మళ్లీ కార్డు, రెండో పిన్ను. కరెంటు ఒక పిన్నులోంచి వెళ్లి ఈ దారంతా తిరిగి రెండో పిన్నుకు చేరాలి. మధ్యలో ఎక్కడ తెగినా మొత్తం ఆగుతుంది. ఆ తెగిన చోటును వెతకాలి. అంతకు మించి మంత్రం ఏమీ లేదు.

ప్లగ్గు సాకెట్లో లేకుండా, థర్మోస్టాట్ మరను పూర్తిగా తిప్పి, కరెంటు కొలతలన్నీ చూపే మల్టీమీటర్‌ను ఓంల మీద, అంటే దారిలో కరెంటుకు ఎదురయ్యే అడ్డును చూపే కొలత మీద పెట్టి రెండు పిన్నుల మధ్య కొలవండి. ఎంత రావాలి? వోల్టేజీని దానితోనే గుణించి, వాట్లతో భాగించండి. 230 వోల్టుల మీద నడిచే 1000 వాట్ల పెట్టెకు 53 ఓంల దరిదాపుల్లో వస్తుంది. 2000 వాట్ల నీళ్ల కెటిల్‌కు దాదాపు 26. అంకె సరిగా వచ్చిందంటే దారి బాగుంది, సాకెట్‌నే ఇంకోసారి చూడాలి. మీటరు ఏమీ చూపించకపోతే ఎక్కడో తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే లోపల షార్టు ఉంది, దాన్ని సాకెట్లో పెట్టకూడదు. ఒక్క స్క్రూ అయినా విప్పకుండా ఇంత తెలిసింది చూడండి. అన్నట్టు, ఈ లెక్క పాత ఫిలమెంటు బల్బుకు పనిచేయదు. చల్లగా ఉన్న ఫిలమెంటు, వెలుగుతున్నప్పటి ఓంలలో చిన్న భాగమే చూపిస్తుంది. ఎలిమెంట్ తీగకు వాడే నిక్రోమ్ అనే మిశ్రమ లోహం వేడెక్కినా పెద్దగా మారదు కాబట్టి అక్కడ మన లెక్క చెల్లుతుంది.

దారి తెగిందనుకుందాం. మీటరు అలాగే ఉంచి కార్డును పెట్టెలోకి దూరే మెడ దగ్గర అటూ ఇటూ వంచండి. అంకె ఒక్కసారి మెరిసి మాయమైతే దొంగ దొరికినట్టే. రోజూ వంగేది అక్కడే. పై తొడుగు నిక్షేపంలా ఉంటుంది, లోపల రాగి పోగులు తెగిపోయి ఉంటాయి. ఆ ముక్కను కత్తిరించేసి మిగిలిన కార్డును మళ్లీ టెర్మినల్‌కు బిగిస్తే సరిపోతుంది. కార్డు తప్పు కాదని తేలితేనే మూత తెరవాలి. తెరిచాక కూడా వరసగా ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవద్దు. దారి మధ్యలో ఒక చోట కొలవండి. ఇటు సగం బాగుంటే లోపం అటు సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్లీ రెండుగా చేయండి. ఇస్త్రీపెట్టెకు ఇంత పద్ధతి అక్కరలేదు కానీ, వాషింగ్ మెషీన్ ముందు కూర్చున్నప్పుడు ఈ అలవాటే గంటలు మిగులుస్తుంది.

లోపల దొరికేది చాలాసార్లు థర్మల్ ఫ్యూజు. నిర్ణీత వేడి దాటగానే తెగిపోయి ఇక ఎప్పటికీ కలవని భాగం అది. దాన్ని తీసేసి తీగ ముక్కతో కలిపేస్తే పెట్టె పనిచేస్తుంది, నిజమే. అలా కలిపిన పెట్టెల వల్ల ఇళ్లు కాలుతాయి. దాని మీద రాసిన ఉష్ణోగ్రత, ఆంపియర్లు చూసి సరిగ్గా అదే కొనండి. ఇంకో మాట, దాన్ని సోల్డరింగ్ చేయకండి, అంటే లోహం కరిగించి అతకకండి. సోల్డరింగ్ ఐరన్ వేడికే అది తెగిపోతుంది. లోహపు గొట్టం లాంటి క్రింప్‌తో నొక్కి కలపాలి. అది తెగిందంటే ఏదో అతిగా వేడెక్కిందని అర్థం. థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోయి ఉన్నాయేమో చూడకుండా ఫ్యూజు ఒక్కటే మారిస్తే కొత్తది కూడా పోతుంది.

గాజు ఫ్యూజుల సంగతి కూడా ఇంతే. అది పోవడం ఫలితం, కారణం ఇంకెక్కడో ఉంటుంది. పారేసే ముందు వెలుగులో పట్టుకుని చూడండి. గాజు తేటగా ఉండి లోపలి సన్నని తీగ మధ్యలో తెగితే, కొద్దిపాటి అదనపు భారమో ముసలితనమో అనుకోవచ్చు. అలాంటప్పుడు కొత్తది వేసి చూడటంలో అర్థముంది. గాజు లోపలంతా నల్లగా, అద్దంలా పూత పట్టి ఉంటే పెద్ద షార్టు జరిగింది. అక్కడ కొత్త ఫ్యూజు వేస్తే ఒక మెరుపు చూడటం తప్ప ప్రయోజనం లేదు. ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేస్తే నిలబడుతుంది కదా అనేవాళ్లు ఉంటారు. ఫ్యూజు నిలబడుతుంది, ఈసారి తీగలు కాలతాయి.

మల్టీమీటర్ గురించి కొంచెం. 1920ల తొలినాళ్లలో బ్రిటిష్ పోస్టాఫీసులో డోనాల్డ్ మెకాడీ అనే ఇంజనీరు ఉండేవాడు. టెలికమ్యూనికేషన్ లైన్ల పని అప్పట్లో వాళ్లదే. ఆంపియర్లకు ఒకటి, వోల్టులకు ఒకటి, ఓంలకు ఒకటి చొప్పున పరికరాలు మోయలేక మూడింటినీ ఒక పెట్టెలో పెట్టాడు. 1923లో అది అమ్మకానికి వచ్చింది. ఆ మూడు కొలతల తొలి అక్షరాలతో దానికి ఆవో అని పేరు పెట్టారు. మన చేతిలోని పసుపు డబ్బా దాని మనవడే. కొనేటప్పుడు కెపాసిటర్‌ను కొలిచే వసతి, తీగ కలిసి ఉంటే బీప్ మనే కంటిన్యూటీ వసతి ఉన్నది చూసుకోండి. జాగ్రత్తలు రెండు. కరెంటు ఉన్న చోట ఓంలు కొలవకూడదు. మీటరు పుల్లల్లో ఎర్రదాన్ని, అంటే ఎర్ర ప్రోబ్‌ను 10 ఆంపియర్ల రంధ్రంలో మరిచిపోయి వోల్టేజీ కొలవకూడదు. ఆ రంధ్రం లోపల దాదాపు ఏ అడ్డూ లేని దారి ఉంటుంది. సాకెట్లో రెండు పుల్లలూ పెట్టారంటే మీ చేతులతో మీరే షార్టు చేసినట్టు.

ఇక మోటార్లు. సీలింగ్ ఫ్యాను వేయగానే మూలుగుతుంది కానీ తిరగదు. కర్రతో రెక్కను కాస్త తోస్తే అందుకుంటుంది. ఇది కెపాసిటర్ లోపం. ఆ మోటారులో రెండు వైండింగులు ఉంటాయి. రెండింటిలోనూ కరెంటు ఒకేసారి లేచి ఒకేసారి పడితే ఏ దిక్కుకు తిరగాలో మోటారుకు తెలియదు. ఒకదానిలోని కరెంటును కాస్త ముందుకు జరిపి ఆ దిక్కును చూపించేదే కెపాసిటర్. అది బలహీనపడే కొద్దీ ఫ్యాను నెమ్మదిస్తుంది. గాలి రావడం లేదని రెగ్యులేటర్‌ను తిట్టుకుంటూ ఏళ్లు గడిపేవారు చాలామంది. కెపాసిటర్ మీద 2.5 మైక్రోఫారడ్ అని రాసి ఉండి, మీటరులో 1.6 వస్తే ఇక ఆలోచించనక్కరలేదు. కొలిచే ముందు దాన్ని డిశ్చార్జి చేయండి, అంటే అందులో మిగిలిన ఛార్జిని ఖాళీ చేయండి, ఎలాగో తర్వాత చెబుతాను. మెయిన్ ఆపి, రెక్కను చేత్తో తిప్పినప్పుడు బిగుసుగా కదిలినా, గరగరమన్నా అది బేరింగు సమస్య. కెపాసిటర్ మార్చి లాభం లేదు.

మిక్సీ ఉన్నట్టుండి ఆగితే తలకిందులు చేసి చూడండి. చాలా మిక్సీలకు అడుగున చిన్న ఎర్ర బొత్తాం ఉంటుంది. భారం ఎక్కువై మోటారు వేడెక్కబోతే అది బయటికి తన్నుకొచ్చి కరెంటు ఆపుతుంది. కాసేపు చల్లారనిచ్చి లోపలికి నొక్కితే చాలు. ఆ బొత్తాం సంగతి తెలియక మిక్సీని మూట కట్టి రిపేరుకు మోసుకెళ్లేవారు ఎందరో. లోపల నిప్పురవ్వలు ఎక్కువగా కనిపించి, వేగం హెచ్చుతగ్గులవుతుంటే కార్బన్ బ్రష్షులు అరిగాయి. వాటిని జతగా మార్చాలి.

వాషింగ్ మెషీన్‌లో నీళ్లు పోకపోతే ముందు కింది మూత తీసి పంపు ఫిల్టర్ చూడండి. నాణేలు, పిన్నీసులు, చొక్కా గుండీలు అక్కడ నివాసం ఉంటాయి. కింద ఒక పళ్లెం పెట్టుకోండి, నీళ్లు వస్తాయి. తలుపు సరిగా మూసుకుందని లాకు చెప్పకపోతే యంత్రం ఏమీ చేయదు. అక్కడ యంత్రానికి జబ్బు లేదు, అది మాట వింటోంది అంతే. ఫ్రిజ్ చల్లబరచకపోతే తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వస్తే చలి కూడా అక్కడి నుంచే జారిపోతోంది. వెనకో కిందో ఉండే కండెన్సర్ గొట్టాల మీద దుమ్ము దులపండి. కొన్ని నిమిషాలకొకసారి టిక్కుమని, కంప్రెసర్ మూలిగి మళ్లీ ఆగిపోతుంటే స్టార్ట్ రిలేను అనుమానించండి. అంతవరకే. గ్యాసు దారి జోలికి వెళ్లవద్దు. ఈ కాలపు ఇంటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఐసోబ్యూటేన్, అంటుకునే వాయువు.

టీవీలో మాటలు వినిపిస్తూ బొమ్మ రాకపోతే గది చీకటి చేసి, టార్చిని తెరకు దగ్గరగా పట్టండి. మసకగా బొమ్మ కదులుతూ కనిపిస్తే, వెనక వెలుగిచ్చే ఎల్ఈడీ పట్టీలు పోయాయి. రిమోట్ పనిచేస్తోందో లేదో ఫోను కెమెరాతో చూడవచ్చు. బొత్తాం నొక్కినప్పుడు కంటికి కనిపించని పరారుణ కిరణాలు చాలా ఫోన్ల కెమెరాలో మెరుస్తాయి. ముందు కెమెరాతో ప్రయత్నించండి, వెనక కెమెరాలకు వాటిని అడ్డుకునే ఫిల్టర్ ఎక్కువగా ఉంటుంది. కారిన ఆల్కలైన్ బ్యాటరీల తెల్లటి పొడి క్షార గుణం కలది. దూది మీద కాస్త వెనిగర్ వేసి తుడిస్తే పోతుంది. ఫోను ఛార్జి ఎక్కకపోతే ముందు ఆ రంధ్రంలో జేబు నూలు పేరుకుందేమో చూడండి. ఫోను ఆపేసి, ప్లాస్టిక్ పుల్లతో తీయాలి, సూదితో కాదు.

అన్నింటికంటే సహనం పరీక్షించేవి వచ్చి పోయే లోపాలు. మీ దగ్గర పనిచేస్తుంది, ఇంటికి వెళ్లగానే ఆగుతుంది. పూర్తిగా చెడిపోయిన వస్తువు నిజాయితీగలది, దాన్ని కొలిస్తే ఒకే జవాబు చెబుతుంది. ఇది అలా కాదు. ఇక్కడ చేయాల్సింది ఆ లోపాన్ని పిలిపించడం. వేడెక్కాక ఆగుతుందా? హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్కో భాగాన్నీ మెల్లగా వేడి చేయండి. కదిలిస్తే ఆగుతుందా? తక్కువ వోల్టేజీ బోర్డయితే ప్లాస్టిక్ పుల్లతో ఒక్కో చోట తట్టండి. మీరు తట్టిన ఏదో ఒక చోట అది స్పందిస్తుంది. అక్కడ సోల్డర్‌ను భూతద్దంతో చూస్తే పిన్ను చుట్టూ సన్నని గీతలా వలయం కనిపిస్తుంది. బరువైన భాగాలు, వేడెక్కే భాగాలు, కనెక్టర్ల కాళ్ల దగ్గర ఇది ఎక్కువ. వేడికి సాగి, చల్లారి ముడుచుకుని, ఆ అతుకు అలసిపోతుంది.

దాన్ని మళ్లీ అతకడం పెద్ద పని కాదు. తగరం 63, సీసం 37 పాళ్లుగా కలిసిన సోల్డర్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. సీసం లేనిది దాదాపు 217 దగ్గర. ఐరన్ మొనతో పిన్నునూ బోర్డు మీది రాగినీ ఒకేసారి వేడి చేసి, సోల్డర్‌ను వాటికి తాకించాలి. మొన మీద కరిగించి బొట్టు పెట్టినట్టు పెడితే పైకి అందంగా కనిపిస్తుంది, లోపల అతుక్కోదు. పొగ పీల్చకండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి.

బోర్డు మీద నిజంగా తరచుగా చెడేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. లోపల ద్రవం ఉంటుంది, వేడికి అది ఎండుతుంది. ఇంజనీర్లు వాడే లెక్క ఒకటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు దాదాపు రెట్టింపు. టీవీ వెనక గాలాడనివ్వమని చెప్పేది ఇందుకే. తల ఉబ్బినా, అడుగున తడి కనిపించినా మార్చాలి. 2000ల తొలి ఏళ్లలో నాసిరకం ద్రవం నింపిన కెపాసిటర్లు ప్రపంచమంతటా కంప్యూటర్ బోర్డులను గుట్టలుగా చంపాయి. మార్చేటప్పుడు మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టుల రేటింగు అంతే లేదా కాస్త ఎక్కువ ఉండాలి, 105 డిగ్రీల వేడి దాకా తట్టుకునే రకం తీసుకోవాలి. ధన, రుణ కాళ్లు తారుమారైతే అది పేలుతుంది.

ఇప్పుడు చేయకూడని పనులు. ఇక్కడ నేను వాదనకు సిద్ధంగా లేను.

మైక్రోవేవ్ ఓవెన్ పెట్టె విప్పకండి. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ రెండు వేల వోల్టుల దరిదాపుల్లో ఇస్తుంది. ప్లగ్గు తీశాక కూడా అక్కడి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత ఛార్జి మిగలవచ్చు. పాత గొట్టపు టీవీలు కూడా అంతే, రంగుల గొట్టం మీద వేల వోల్టులుంటాయి. ఉబ్బిన లిథియం బ్యాటరీని నొక్కడం, గుచ్చడం, మళ్లీ ఛార్జి పెట్టడం వద్దు. అది ఉన్న ఫోనును ఆపేసి, మండే వస్తువులకు దూరంగా పెట్టి, బ్యాటరీలు సేకరించే చోట అప్పగించండి. టీవీల్లో, కంప్యూటర్లలో ఉండే పవర్ సప్లై బోర్డు మీద, 230 వోల్టుల సరఫరా ఉన్నచోట, పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టుల డీసీ నిలుస్తుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో షార్టు చేసి ఖాళీ చేయడం కొందరికి మగతనంలా కనిపిస్తుంది. కొన్ని వేల ఓంల, నాలుగైదు వాట్ల రెసిస్టర్‌తో, అంటే కరెంటుకు అడ్డుపడే భాగంతో మెల్లగా ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూశాకే చేయి పెట్టండి. ఇంట్లో 30 మిల్లీయాంపియర్లకు ట్రిప్పయ్యే రక్షణ స్విచ్చి ఉండాలి. అది కూడా ఫేజునీ న్యూట్రల్‌నీ రెండు చేతులతో పట్టుకున్నవారిని కాపాడదు, కెపాసిటర్ కొట్టే దెబ్బ నుంచి అసలే కాపాడదు. అందుకే ప్లగ్గు తీసి, అది మీ కంటి ముందే కనిపించేలా పెట్టుకుని పనిచేయండి.

తయారీదారుల గురించి మాట్లాడకపోతే మీరు ఊరుకోరని తెలుసు. కావాలనే త్వరగా పాడయ్యేలా చేస్తారా? చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1920ల మధ్యలో పెద్ద బల్బు కంపెనీలు ఫీబస్ పేరుతో కూటమి కట్టి, బల్బు ఆయుష్షును 1000 గంటల దగ్గర కట్టేశాయి, దాటిన కంపెనీకి జరిమానా కూడా పెట్టాయి. ఎక్కువ కాలం బతికే ఫిలమెంటు తక్కువ వెలుగిస్తుంది అన్న వాదనలో సాంకేతికంగా నిజముంది. జరిమానాలో లేదు. నేటి వస్తువుల విషయంలో నాకు కుట్ర కంటే పొదుపే ఎక్కువగా కనిపిస్తుంది. 105 డిగ్రీల కెపాసిటర్ బదులు 85ది పెడితే కాస్త మిగులుతుంది, లక్షల సంఖ్యలో చాలా మిగులుతుంది. ఫోనును జిగురుతో అతికించడానికి నీళ్లు చొరకుండా అనే కారణం కొంతవరకు ఒప్పుకోవచ్చు. కానీ అసలైన విడిభాగం వేసినా, దాని సీరియల్ నంబరును సాఫ్ట్‌వేర్ గుర్తించకపోతే పనిచేయకుండా చేయడానికి ఏ ఇంజనీరింగ్ కారణం చెప్పినా నాకు మింగుడుపడదు. అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రం 2024లో ఆ పద్ధతిని నిషేధిస్తూ చట్టం చేసింది. ఫ్రాన్స్‌లో 2021 నుంచి కొన్ని పరికరాల మీద వాటిని ఎంత సులువుగా బాగుచేయవచ్చో పదికి మార్కులు వేసి చూపించాలి. ఐరోపా సమాఖ్యలో 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల బ్యాటరీలు, కొన్ని మినహాయింపులు పోను, వాడేవారే తీసి మార్చుకునేలా ఉండాలి.

చట్టాలు వచ్చేదాకా ఆగనివాళ్లు కూడా ఉన్నారు. 2003లో ఇద్దరు కాలేజీ విద్యార్థులు తమ ల్యాప్‌టాప్ బాగుచేసుకోవడానికి మాన్యువల్ దొరక్క, తామే రాయడం మొదలుపెట్టారు. అదే ఐఫిక్సిట్ అయింది. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా తొలి రిపేర్ కేఫ్ పెట్టారు. చెడిన వస్తువు పట్టుకొచ్చినవారు నిపుణుడి పక్కనే కూర్చుని బాగుచేసుకునే చోటు. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతిగా సేకరించి తిరిగి వాడుకలోకి తెచ్చినట్టు నమోదైనది 22.3 శాతమే. ఈ అంకెలు విని మనసు పాడుచేసుకోనక్కరలేదు కానీ, ఆ గుట్టలో తెగిన కార్డులు ఎన్ని ఉంటాయో అని మాత్రం నాకు అనిపిస్తుంది.

నేర్చుకునే పద్ధతి గురించి ఒక్క మాట. రేపు ఉదయానికి కావలసిన వస్తువుతో మొదలుపెట్టకండి. ఎవరూ ఆశపెట్టుకోని, చచ్చిన వస్తువును తీసుకోండి. ప్రతి దశలోనూ ఫొటో తీయండి. స్క్రూలు విప్పిన వరసలోనే పెట్టండి, పొడుగు స్క్రూ పొట్టిదాని స్థానంలో దూరితే లోపల బోర్డును చీలుస్తుంది. ఒకసారికి ఒకే మార్పు చేయండి. మూడు భాగాలు ఒకేసారి మార్చి వస్తువు పనిచేస్తే సంతోషం ఉంటుంది, చదువు ఉండదు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభ నుంచి: ఏ వస్తువును వదిలేయాలి?)

నాకు మూడు సందర్భాలు. ఎలిమెంటో వైండింగో కాలి, లోపలి ఇన్సులేషన్ కూడా మాడిపోతే. ఫ్రిజ్‌లో కంప్రెసరే చెడి, దాని మార్పిడి ఖర్చు కొత్తదానికి దగ్గరగా వస్తే. భద్రత కోసం పెట్టిన భాగం దొరక్క, అది లేకుండా నడపాల్సి వస్తే. మూడోదానిలో బేరం లేదు. వదిలేసినా కార్డు, స్క్రూలు, మోటారు తీసిపెట్టుకోండి.

(సభ నుంచి: బాగుచేశాక మళ్లీ ప్లగ్గు పెట్టాలంటే భయం వేస్తుంది. ఏమి చేయాలి?)

భయం ఉండటం మంచిదే. మొదట మీటరుతో ఫేజు పిన్నుకూ ఎర్తు పిన్నుకూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య చూడండి. ఏ దారీ ఉండకూడదు. బయటి లోహపు ఒంటికీ ఎర్తు పిన్నుకూ మధ్య మాత్రం తప్పకుండా ఉండాలి. ఆ తర్వాత సిరీస్ బోర్డు. ఒక బల్బు హోల్డర్, ఒక సాకెట్ వరసలో కలిపిన చెక్క. వస్తువుకు వెళ్లే కరెంటంతా బల్బు గుండానే పోవాలి. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, అంతే, ఏదీ పేలదు. టీవీ లాంటివైతే బల్బు ఒకసారి మెరిసి మందగిస్తుంది, అది మంచి సూచన. ఇస్త్రీపెట్టెకు, కెటిల్‌కు ఈ పరీక్ష పనికిరాదు. బల్బుతో పోలిస్తే వాటి ఓంలు చాలా తక్కువ, బాగున్నా నిండుగానే వెలుగుతుంది. వాటికి మీటరే దిక్కు. బల్బు ఫిలమెంటుదే కావాలి, 60 లేదా 100 వాట్లది. ఎల్ఈడీ పెడితే ఏమీ తెలియదు. ఫిలమెంటు బల్బులు దొరకడం తగ్గిపోతోంది. మీ ఇళ్లలో పాతవి ఉంటే పారేయకుండా వచ్చే తరగతికి పట్టుకురండి, అందరం తలా ఒక సిరీస్ బోర్డు చేసుకుందాం.